కాకినాడలో ఏముంది? నాలుగు రోజులు ఉండి చూడండి

"కాకినాడల నాలుగు రోజులా? ఏమున్నది అక్కడ?"

మా వదిన అడిగిన మాట ఇది. వదినంటే మా ఆయన అక్కగారు. హనుమకొండలో ముప్పై ఒక్కేళ్లు హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పి ఈ మధ్యే రిటైరయ్యారు. మనిద్దరమే ఎటైనా వెళ్లొద్దామని ఆవిడే అన్నారు. ఆవిడ మనసులో అరకు ఉంది, అది కాకపోతే కోనసీమ. నేను కాకినాడ అన్నాను. ఇంట్లో ఎవరికీ మింగుడు పడలేదు. "కాజాల కోసమైతే కొరియర్‌లో వస్తాయి కదమ్మా" అన్నాడు మా అబ్బాయి.

నేను పుట్టి పెరిగింది కాకినాడలోనే. పుట్టిల్లు కాబట్టి వెనకేసుకొస్తున్నానని మీరు అనుకోవచ్చు. ప్రేమ ఉంది, ఎందుకు దాచుకోవాలి? అయినా నేను చెప్పేది ఆ ప్రేమకు బయట కూడా నిలబడే మాటే. గోదావరి చూడాలని వచ్చేవాళ్లు రాజమండ్రిలో దిగి పాపికొండలు వెళ్తారు, లేదంటే కోనసీమలో కొబ్బరితోటల మధ్య గది తీసుకుంటారు. అన్నవరం వెళ్లేవాళ్లు అటే పోతారు. అసలు హౌరా-చెన్నై మెయిన్ లైనే మా ఊరిని తాకదు. పదిహేను కిలోమీటర్ల లోపు దూరంలో సామర్లకోట మీదుగా వెళ్లిపోతుంది. మెయిన్ లైన్‌లో కలపమని మా నాన్నగారి తరం నుంచీ అడుగుతూనే ఉన్నారు. రైలు ఆగని ఊరిని జనం కిటికీలోంచి కూడా చూడరు కదా. అందుకే చాలామంది లెక్కలో కాకినాడంటే పోర్టు, ఎరువుల ఫ్యాక్టరీలు, కాలేజీలు, పెన్షనర్లు. అంతే.

గోదావరి తెచ్చిన మట్టి చివరికి ఏమవుతుందో, ఆ మట్టి మీద బతుకు ఎలా నిలబడుతుందో చూడాలంటే మాత్రం కాకినాడే రావాలి. వదినకు చూపించాలనుకున్నది అదే.

మొదటి రోజు

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లవారేసరికి రాజమండ్రి దాటేశాం. ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు. డిసెంబరు మొదటి వారం, కోతలు సగం అయ్యాయి. కోసిన చేలల్లో పనలు వరసగా పడున్నాయి, వాటి మీద మోకాలెత్తున మంచు. సామర్లకోటలో సగం బోగీ ఖాళీ అయింది. వదిన కంగారుగా బ్యాగు అందుకున్నారు.

"అందరూ దిగుతున్నరు, మనం దిగొద్దా?"

"ఇంకో అరగంట కూర్చోండి వదినా. ఈ రైలు మనూళ్లోకే వెళ్తుంది."

టికెట్ మీద స్టేషన్ కోడ్ సీసీటీ అని ఉంటుంది. కోకనాడ టౌన్ అన్నమాట. తెల్లవాళ్ల నోట్లో నలిగిన పేరు రైల్వే కాగితాల్లో ఇంకా అలాగే ఉండిపోయింది.

రామారావుపేటలో మా ఇల్లు అమ్మేసి తొమ్మిదేళ్లయింది. కాబట్టి పుట్టింటి ఊళ్లో లాడ్జిలో దిగడం నాకు ఇదే మొదటిసారి. భానుగుడి సెంటర్‌కి దగ్గర్లో గది. ఆరు నుంచి వేడినీళ్లు అని గోడ మీద రాసుంది గానీ, ఏడున్నరైనా రాలేదు. చివరికి కుర్రాడు బకెట్‌తో పట్టుకొచ్చాడు. వదిన ఏమీ అనలేదు. నాకే ప్రాణం చివుక్కుమంది, మా ఇంటికొచ్చిన చుట్టానికి లోటు జరిగినట్టు.

పెసరట్టు ఉప్మాతో ఆ బాధ తీరింది. హనుమకొండలో కూడా పెసరట్టు దొరుకుతుంది, కాదనను. పెనం మీద ఎర్రగా కాలి, అంచు కరకరలాడుతూ, నడుమ మాత్రం మెత్తగా ఉండి, పైన సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వాసన కొట్టే అట్టు, దాని కడుపులో వేడి ఉప్మా, పక్కన తియ్యగా కారంగా అల్లం చట్నీ. వదిన రెండోది చెప్పారు.

తర్వాత నడక. కాకినాడ నడవడానికి అనువైన ఊరు. రోడ్లు చాలావరకు తిన్నగా ఉంటాయి, ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ పోతాయి, దారి తప్పినా నాలుగడుగుల్లో తెలిసిపోతుంది. మెయిన్ రోడ్డు మీదుగా జగన్నాథపురం వంతెన దాకా వెళ్లాం. కింద ఉప్పుటేరు. ఇటు కాకినాడ, అటు జగన్నాథపురం. రెండు గట్ల పక్కనా రంగురంగుల బోట్లు, ఆరబెట్టిన వలలు, డీజిల్ వాసన, ఎండుచేపల వాసన. వదిన మొదట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి కొంగు జారిపోయింది, ఆవిడ వంగి వల కుడుతున్న ముసలాయన చేతుల వంకే చూస్తున్నారు.

జగన్నాథపురం ఒకప్పుడు డచ్చివాళ్ల స్థావరం. ఇక్కడి నుంచి బట్టల వ్యాపారం నడిపారు. 1825లో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. వంతెన మీద నిలబడి ఈ సంగతి చెబితే వదిన "అట్లని ఎక్కడా రాసిలేదే" అన్నారు. నిజమే. మా ఊరి మీద నాకున్న కోపం ఇదొక్కటే. తన గురించి తాను చెప్పుకోదు.

పి.ఆర్. కాలేజీ గేటు ముందు కాసేపు ఆగాం. పిఠాపురం రాజావారి కాలేజీ, 1884 నాటిది. నేను డిగ్రీ చదివింది ఇక్కడే. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాల్‌గా చేసిన కాలేజీ. అంటరానివాళ్లన్న పిల్లలకు చదువు చెప్పించాలనీ, వితంతువులకు పెళ్లిళ్లు జరగాలనీ, భోగం మేళాలు ఆగాలనీ ఆయన నూరేళ్ల కిందటే పట్టుబట్టారు. పిఠాపురం మహారాజా సాయంతో అనాథ పిల్లలకు ఈ ఊళ్లో ఆశ్రయం కట్టించారు. తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు.

మధ్యాహ్నం సుబ్బయ్య హోటల్లో అరిటాకు భోజనం. ఆకు నిండిపోయినా వడ్డిస్తూనే ఉంటారు. గడ్డపెరుగు దగ్గరికి వచ్చేసరికి వదినకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ చెప్పాను. హైదరాబాదు విద్యానగర్‌లో ఆవిడ పేరు మీదున్న ఆస్పత్రి వదినకు తెలుసు, కాకినాడ సంగతి తెలీదు. 1923 డిసెంబరులో ఇక్కడ కాంగ్రెస్ మహాసభ జరిగింది. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షులు. పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. టికెట్ లేనిదే ఎవర్నీ లోపలికి వదలొద్దని వాలంటీరు పిల్లకు చెప్పారు. ఆ పిల్ల దుర్గాబాయి, పద్నాలుగేళ్లది. జవహర్‌లాల్ నెహ్రూ వస్తే టికెట్ అడిగింది. ఆయన దగ్గర లేదు. ఆపేసింది. నిర్వాహకులు పరిగెత్తుకొచ్చి కేకలేసినా కదల్లేదు. టికెట్ కొన్నాకే లోపలికి పంపింది. అదే పిల్ల పెద్దయి రాజ్యాంగ సభలో కూర్చుంది.

"మా బడి పిల్లలకు ఈ ముచ్చట చెప్పాల్సింది" అన్నారు వదిన. ఆ మాటతో నా మొదటి రోజు గట్టెక్కింది.

సాయంత్రం కోటయ్య కాజా. తాపేశ్వరానిది మడత కాజా, పొరలు పొరలుగా ఉంటుంది. మాది గొట్టం కాజా. పైకి చూస్తే వేలంత పొడుగున్న చిన్న దుంగలా ఉంటుంది. కొరికితే పైపెంకు కరకరమని విరిగి, లోపల బోలుగా ఉన్నచోట నిలిచిన పాకం ఒక్కసారి నోట్లోకి వస్తుంది. తెలియనివాళ్లు సగం కొరికి చీర పాడుచేసుకుంటారు. మొత్తం ఒకేసారి నోట్లో వేసుకోమని వదినకు ముందే చెప్పాను. కొరియర్‌లో వచ్చేసరికి ఈ పాకం కాస్త గట్టిపడుతుంది. మా అబ్బాయికి ఫోన్ చేసి ఈ మాట చెప్పాను.

రెండో రోజు

కాకినాడ పక్కనే ఉప్పునీటి బురదలో పెరిగే కోరంగి మడ అడవికి వెళ్లేవాళ్లకు ఒకే సలహా. సముద్రం నీళ్లు ఎక్కే పోటు ఎప్పుడు, దిగే పాటు ఎప్పుడు అని ముందే కనుక్కోండి. మేం కనుక్కోలేదు. యానాం రోడ్డు మీద ఆటోలో పొద్దున్నే బయల్దేరి, చొల్లంగి దాటి, తొమ్మిదింటికల్లా కోరంగి చేరాం. పాటు సమయం. కాలువలో నీళ్లు అడుక్కి పోయి బోట్లు బురదలో ఒరిగి ఉన్నాయి. "మజ్జానం దాకా కదలవండి" అన్నాడు బోటతను. నాకు ఉసూరుమనిపించింది. బోటు లేకపోతే ఇంక చూపించేదేముంది అనుకున్నాను.

కానీ నీళ్లు లేకపోవడమే మంచిదైంది.

మడ అడవిలోకి చెక్కల వంతెన దారి వేశారు. నేల మీద కాలు మోపకుండా చెట్ల మధ్య నుంచి నడిచి వెళ్లొచ్చు. పది అడుగులు వేశామో లేదో వదిన రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయారు. కింద నల్లటి బురద, ఆ బురద నిండా జానెడు ఎత్తున పెన్సిళ్లు నిలువునా గుచ్చినట్టు వేళ్లు. వందలూ వేలూ. చెట్టు మొదలు నుంచి చుట్టూ గీత గీసినట్టు బారులు తీరి ఉన్నాయి.

"శ్వాస వేర్లు" అన్నారు వదిన, మెల్లగా.

తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. చివరికి చెప్పారు. ముప్పై ఒక్కేళ్లు ఏటేటా ఈ బొమ్మ బోర్డు మీద వేశారట. నల్లబల్ల మీద సుద్దతో ఒక చెట్టు, దాని పక్కన పైకి లేచిన నాలుగు గీతలు. ఉప్పు బురదలో గాలి ఉండదు కాబట్టి వేళ్లు పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి, రెండు మార్కుల ప్రశ్న, రాసుకోండి. ఎన్ని వందల మంది పిల్లలకు చెప్పానో, ఒక్కసారి కూడా చూడలేదు అన్నారు. నీళ్లు నిండుగా ఉండుంటే ఈ వేళ్లు కనపడేవి కావు. బోటు వెంటనే దొరికుంటే పై నుంచి పచ్చని చెట్లు చూసి ఫొటోలు తీసుకుని వచ్చేసేవాళ్లం.

వంతెన దారి కాపలా అతను మా మాటలు విని దగ్గరికొచ్చాడు. "ఈ ఆకు ఒకసారి నాకి చూడండమ్మా" అని మడ చెట్టు కొమ్మ వంచాడు. ఆకు మీద సన్నని పొడి మెరుస్తోంది. వదిన వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నారు. ఉప్పు. చెట్టు తాగిన నీళ్లలోని ఉప్పును ఆకుల్లోంచి బయటికి కక్కేస్తుంది. కొంచెం ముందుకెళ్తే మరో చెట్టు చూపించి, దాన్ని మాత్రం ముట్టుకోవద్దన్నాడు. తిల్ల. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

ఆ తర్వాత ఉప్పుపొన్న. కొమ్మలకు పొడుగాటి ఆకుపచ్చ కాడలు వేలాడుతున్నాయి, మునక్కాడ కన్నా కాస్త పొట్టిగా, కింద కొస మొనదేలి. కాయ అనుకున్నాను నేను. వదిన సరిదిద్దారు. కాయ కాదు, మొలకెత్తిన బిడ్డ మొక్క. విత్తనం చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, తల్లి కొమ్మకే వేలాడుతూ పెరుగుతుంది. పాటు సమయంలో రాలితే మొన బురదలో గుచ్చుకుని అక్కడే నాటుకుంటుంది. పోటు మీద రాలితే నీళ్ల మీద తేలిపోయి ఎక్కడో గట్టు దొరికినచోట వేరు పట్టుకుంటుంది. ఇదంతా వదిన చెప్తుంటే కాపలా అతను, నేను, ఎవరో కాలేజీ పిల్లలు నలుగురు చుట్టూ నిలబడి విన్నాం. రిటైరైన టీచరమ్మకు అడవిలో క్లాసు దొరికింది. కొమ్మకున్న కాడను తెంపలేదు ఆవిడ. సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి బొమ్మ వేసుకున్నారు. ఈసారి చూసి వేసుకున్న బొమ్మ.

అడుగున బురదలో ఒక చెయ్యి మాత్రం ఒళ్లంత పెద్దదిగా ఉన్న బుల్లి పీతలు, నీళ్లు లేకపోయినా బురద మీద గెంతులేసే చేపలు. నీటికుక్కలూ, రాత్రిళ్లు చేపలు పట్టుకు తినే బావురుపిల్లులూ ఈ అడవిలో ఉన్నాయి. మాకు కనపడలేదు. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. గోదావరి గౌతమీ పాయ ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఎక్కడో నాసిక్ దగ్గర మొదలైన నది తన మట్టినంతా తెచ్చి ఇక్కడ దింపుతుంటే, ఈ చెట్లు ఆ మట్టిని కాళ్ల మధ్య పట్టి నిలబెడుతున్నాయి. కోనసీమ కొబ్బరితోటలు అందమైనవే, నేనూ ఒప్పుకుంటాను. ఆ నేల మొదట ఎలా పుట్టిందో ఇక్కడ కళ్లముందు కనిపిస్తుంది.

మధ్యాహ్నం నీళ్లు ఎక్కాయి. పొద్దున చూసిన వేళ్లన్నీ మునిగిపోయాయి. బోటెక్కాం. కాలువలు వంకర్లు తిరుగుతూ పోతున్నాయి, రెండు పక్కలా అడవి గోడలా ఉంది. కొంగలు మా చప్పుడుకి లేచి మళ్లీ వెనకాల వాలుతున్నాయి.

కోరంగి ఒకప్పుడు మహా రేవు. ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. తెలుగు కూలీలు ఈ తీరం నుంచి రంగం వెళ్లేవారు, అంటే రంగూన్. మా తాతగారి అన్నయ్య ఒకాయన అలా వెళ్లి తిరిగి రాలేదు. ఎంతమంది వెళ్లారంటే బర్మాలో తెలుగువాడి పేరే కోరంగీ అయిపోయింది. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో ఇంకా పెద్ద ఉప్పెన. రేవు మళ్లీ లేవలేదు. ఏటి మొగ పూడుతూ వచ్చింది, వ్యాపారం కాకినాడకు మళ్లింది. ఇక్కడ పోయింది కాబట్టే అక్కడ మా ఊరు పెరిగింది. ఆ రేవు ఇప్పుడొక చిన్న పల్లె. బోటులో అది చెప్తున్నప్పుడు నా గొంతు మారిందని వదిన తర్వాత చెప్పారు.

1996 నవంబరు 6 తుఫాను రాత్రి నాకు ఇంకా గుర్తుంది. తలుపు గడియలు ఊడిపోతాయేమోనని నాన్న, నేను చెక్కబల్ల అడ్డంపెట్టి దానికి వీపులానించి కూర్చున్నాం. ఆ రాత్రి వేటకెళ్లిన భైరవపాలెం, బలుసుతిప్ప మనుషులు ఎంతోమంది తిరిగి రాలేదు. మడ అడ్డం నిలబడిన ఊళ్లకు దెబ్బ తగ్గిందని పెద్దవాళ్లు అప్పట్లో చెప్పుకునేవారు. మా బోటతను కూడా అదే అన్నాడు. "మడ ఉంటే మేం ఉంటామండి, ఆయ్." అతని ఇల్లు ఆ పక్క ఊళ్లోనే.

తిరుగు దారిలో చొల్లంగి దగ్గర ఆటో ఆపించాను. పుష్యమాసం చివరి అమావాస్యను చొల్లంగి అమావాస్య అంటాం. ఆ రోజు ఇక్కడ సముద్రస్నానం చేసి సప్తసాగర యాత్ర మొదలుపెడతారు. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే ఏడు చోట్లా మునిగి, భీష్మ ఏకాదశి నాటికి అంతర్వేదిలో ముగిస్తారు. మా నాయనమ్మ ఏడూ చేసింది. అమ్మ ఒకటి చేసింది. నేను ఇంకా మొదలుపెట్టలేదు.

మూడో రోజు

తెల్లవారుజామునే కుంభాభిషేకం రేవుకి వెళ్లాం, చేపల వేలంపాట చూడ్డానికి. కోనాలు, చందువాలు, రొయ్యలు గుట్టలుగా పోసి, ఆడవాళ్లే గొంతెత్తి పాడుతున్నారు. వదిన శాకాహారి, ఎక్కువసేపు ఉండలేదు.

అక్కడి నుంచి చీరలకు పేరున్న ఉప్పాడకు బయల్దేరాం. అక్కడికెళ్లే బీచ్ రోడ్డు ఆ వారం వచ్చిన అల్పపీడనానికి మళ్లీ కోతకు గురైంది. రాళ్లు రోడ్డు మీద పడున్నాయని ఆటోలు అటు పోవడం లేదు. పిఠాపురం చుట్టు తిరిగి వెళ్లాం. దారే కాబట్టి పాదగయలో కుక్కుటేశ్వరుణ్ణి, పురుహూతికా అమ్మవారిని చూసుకున్నాం. మంచి దర్శనం.

ఉప్పాడ జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీర గురించి చాలామందికి తెలుసు. కానీ మగ్గం దగ్గర ఓ గంట కూర్చున్నవాళ్లు తక్కువ. మేం కూర్చున్నాం. ఒక చిన్న ఇంట్లో ముందుగది మొత్తం మగ్గమే. గుంటలో కాళ్లు పెట్టుకుని భార్యాభర్తలు పక్కపక్కన కూర్చున్నారు. పడుగు, అంటే నిలువు దారాల కింద కాగితం మీద గీసిన డిజైన్. ఒక్కో బుటాకి, అంటే ఒక్కో పువ్వుకి, దారం చుట్టిన ఒక్కో చిన్న కండె. ఆవిడ పడుగులో నాలుగు పోగులు వేలితో ఎత్తి, కండె దూర్చి, తిప్పి, పక్క బుటాకి పోతుంది. అటు చివర నుంచి ఆయన. చీర అడ్డంగా అన్ని బుటాలకూ ఇలా ఒక్కో పోగు వేశాక, అప్పుడు అడ్డదారం మోసే నాడె ఒకసారి అటునుంచి ఇటు పోతుంది. దారాన్ని దగ్గరికి నొక్కే అచ్చు ఒకసారి లాగుతారు. మళ్లీ మొదటి బుటా.

"రోజుకు ఎంత నేస్తరమ్మా?" అడిగారు వదిన.

"బుటాని బట్టండి. ఒత్తుగా ఉంటే పొద్దస్తమానం కూర్చున్నా జానెడు దిగదు" అందావిడ, చేతులు ఆపకుండానే.

తర్వాత మడతపెట్టిన చీర ఒకటి తిరగేసి చూపించింది. అసలు జాందానీకి ఇదే పరీక్ష. వెనక కూడా ముందులాగే ఉండాలి. దారాలు వేలాడకూడదు, కోసిన మొనలు కనిపించకూడదు. వదిన కళ్లద్దాలు పైకి పెట్టుకుని రెండు వైపులా మార్చి మార్చి చూశారు. ఏది ముందో తేల్చుకోలేకపోయారు. లేతాకుపచ్చ రంగుది ఒకటి కొన్నారు. బేరమాడలేదు. పక్కన ఆ చేతుల్ని చూశాక నాకూ బేరమాడాలనిపించలేదు.

చీరల ఇంటి నుంచి సముద్రం ఐదు నిమిషాల నడక. ఒకప్పుడు ఇంకా ఎక్కువ నడవాల్సి వచ్చేది. నా చిన్నప్పుడు చూసిన వీధులు ఇప్పుడు లేవు. ఇళ్లు, గుళ్లు ఒక్కొక్కటిగా కెరటాలు పట్టుకుపోయాయి. ఒక ఇల్లు సగం మిగిలి ఉంది. వంటగది గోడకు నీలం సున్నం, చిలక్కొయ్య అలాగే ఉన్నాయి, మిగతా సగం గాల్లో ఉంది. గోదావరి మీద ఆనకట్టలు వచ్చాక సముద్రానికి చేరే ఒండ్రు బాగా తగ్గింది. దక్షిణం నుంచి తీరం వెంట నడిచివచ్చే ఇసకలో చాలా భాగం కాకినాడ ఎదుట సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ అనే ఇసకదిబ్బ దగ్గరే ఆగిపోతుంది. ఉప్పాడకు ఇసక అందదు, కెరటం మాత్రం అందుతుంది. పదహారు కిలోమీటర్ల పొడవున్న ఆ ఇసకదిబ్బ కాకినాడ రేవును అలల నుంచి కాపాడుతూ వస్తోంది. మా ఊరు నిశ్చింతగా నిద్రపోతుంటే పక్కూరు కోతకు గురవుతోంది. కాకినాడ వాళ్లం ఇది ఎప్పుడూ మర్చిపోకూడదు.

నీళ్లు వెనక్కి తగ్గిన తడి ఇసకలో పది పదిహేను మంది వంగి ఉన్నారు. గవ్వలు ఏరుతున్నారనుకున్నారు వదిన. బంగారం. తుఫాను తర్వాత సముద్రం ఇసక తిరగేసినప్పుడు రవ్వలంత బంగారపు ముక్కలు దొరుకుతాయని ఇక్కడివాళ్లు వెతుకుతారు. మునిగిన ఇళ్లవీ గుళ్లవీ అని చెప్పుకుంటారు. ఒకామె దువ్వెనతో ఇసకను దువ్వుతోంది. మెల్లగా, పిల్ల తల దువ్వినట్టు. పక్కన చిన్నపిల్ల స్టీలు గిన్నె పట్టుకుని నిలబడింది. గిన్నెలో ఏముందని మేం అడగలేదు.

అందమైన బీచ్ చూపించమంటే నేను ఉప్పాడ తీసుకురాను. కానీ ఈ తీరం సంగతి తెలుసుకోవాలన్నవాళ్లను ఇక్కడికి తీసుకురాకుండా ఎక్కడికి తీసుకెళ్లేది?

నాలుగో రోజు

పొద్దున సామర్లకోట. రైలు మారడానికి తప్ప ఎవరూ తలవని ఈ ఊళ్లో పంచారామాల్లో ఒకటైన కుమారారామం ఉంది. తూర్పు చాళుక్యుల కాలపు గుడి, చాళుక్య భీముడి పేరుతో భీమేశ్వరుడు. రెండంతస్తుల ఆలయం. తెల్లని సున్నపురాతి లింగం కింది అంతస్తులో మొదలై పైకప్పు దాటి పై అంతస్తు దాకా ఉంటుంది. కింద పాదాలకు దండం పెట్టి, మెట్లెక్కి పైన అభిషేకం చూడాలి. స్టేషన్ నుంచి ఆటోలో పది నిమిషాలు కూడా పట్టదు. మేం వెళ్లినప్పుడు గుడిలో మాతో కలిపి తొమ్మిది మందే ఉన్నారు. చల్లగా, నిశ్శబ్దంగా ఉంది.

మధ్యాహ్నం పోర్టు వైపు వెళ్లాం. పెద్ద ఓడలు దూరంగా సముద్రంలోనే ఆగి ఉంటాయి. బియ్యం బస్తాలు బార్జీల్లో వేసుకుని ఓడ దాకా తీసుకెళ్లి ఎక్కిస్తారు. మొదటి రోజు మంచులో చూసిన పనల గింజలే ఇలా బయల్దేరి ఏ దేశానికో చేరతాయి. అమెరికాలో 1861లో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండుకు అందకపోతే ఈ రేవు నుంచి పత్తి వెళ్లింది. కాకినాడ ఒక్కసారిగా పెరిగింది అప్పుడే. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ అప్పటికే ఉంది, సరుకంతా పడవల మీద దిగింది. బార్జీ మీద బస్తాకి ఆనుకుని ఒకతను క్యారేజీ విప్పుకుని అన్నం తింటున్నాడు. వదిన అతన్నే చూస్తూ నిలబడ్డారు. "మన పళ్లెంల బువ్వ కూడా ఇట్లనే వస్తదేమో" అన్నారు.

రామారావుపేట మీదుగా స్టేషన్‌కి వెళ్లాం. మా పాత ఇంటి గేటుకు ఇప్పుడు ఆకుపచ్చ రంగు వేశారు. అమ్మ నాటిన నందివర్ధనం ఉంది. ఆటో ఆపమనలేదు.

రైలు కదిలాక వదిన నోటుపుస్తకం తీశారు. ఉప్పుపొన్న బొమ్మ పక్కన భాగాల పేర్లు రాసుకున్నారు, బోర్డు మీద రాసినట్టే గుండ్రటి అక్షరాలతో. సామర్లకోటలో జనం ఎక్కి బోగీ నిండింది. అప్పుడు తలెత్తి అడిగారు.

"చొల్లంగి అమావాస్య ఎప్పుడొస్తది?"

"వచ్చే నెల్లోనే వదినా."

"అమావాస్య కదా, పోటు పెద్దగుంటది. ఎన్ని గంటలకో ఇప్పుడే కనుక్కొని పెట్టు. ఈసారి ఇంకో లాడ్జి చూడు."